డాస్ ఆటలు నేటి కంప్యూటర్లో – 6వ పాఠం: శబ్దం పగిలితే

గత పాఠంలో ఆట ఫోల్డరును సి డ్రైవుగా మౌంట్ చేసి, ఆటను తెర మీదికి తెచ్చాం. బొమ్మ కదిలింది, కీబోర్డు పనిచేసింది. ఇక శబ్దం. పాత డాస్ ఆటలను నేటి కంప్యూటర్లో నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామును మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది విసిగి వదిలేసేది ఇక్కడే. వినగానే నాలుగైదు సెట్టింగులు ఒకేసారి మార్చేస్తారు, ఆ తరువాత ఏది బాగుచేసిందో, ఏది పాడుచేసిందో తెలియదు. నిజానికి శబ్దంలో లోపం పట్టుకోవడం తేలిక, ఎందుకంటే ఒక్కో లోపం ఒక్కో తీరుగా వినిపిస్తుంది. కాబట్టి ఈసారి సెట్టింగుల ఫైలు తెరిచే ముందు చెవికి కాస్త పని చెబుదాం.

ఎప్పటిలాగే ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి. ఇంకొక సంగతి. ఆటను జీఓజీ లాంటి దుకాణంలో కొనుక్కున్నవారికి దానితోపాటే డాస్‌బాక్స్ కూడా వస్తుంది, దాని సెట్టింగుల ఫైలు ఆట ఫోల్డరులోనే ఉంటుంది. స్టార్ట్ మెనూలో కనిపించే డాస్‌బాక్స్ ఆప్షన్స్ ఫైలును ఎంత మార్చినా ఆ ఆట పట్టించుకోదు. ఆట ఫోల్డరులో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఫైలు ఉందేమో ముందు చూడండి. మార్చే ముందు దానికి ఒక నకలు తీసి పక్కన పెట్టండి.

ఇప్పుడు ఆట నడిపి ఒక నిమిషం వినండి. సంగీతం వస్తోందా? దెబ్బలు, తుపాకి మోతలు, మాటలు వస్తున్నాయా? రెండూ వస్తున్నా తెగి తెగి వస్తున్నాయా? ఎప్పుడూ అలాగే ఉందా, లేక తెర మీద హడావుడి పెరిగినప్పుడేనా? జవాబులు కాగితం మీద రాసుకోండి.

అసలేమీ వినిపించకపోతే విండోస్ వాల్యూమ్ మిక్సరులో డాస్‌బాక్స్ గొంతు నొక్కేసి ఉందేమో చూడండి. తరువాత సెట్టింగుల ఫైలులో మిక్సర్ విభాగం కింద నోసౌండ్ ఎదురుగా ఫాల్స్ అని ఉందో లేదో చూడండి. ఆ రెండూ సరిగ్గా ఉంటే ఆట సెటప్‌లోనే, అంటే ఆటతోపాటు వచ్చే అమరికల ప్రోగ్రాములోనే, శబ్దం ఆపేసి ఉండవచ్చు. కీచుమనే ఒంటి స్వరం మాత్రమే వస్తుంటే ఆట పీసీ స్పీకరును, అంటే పాత కంప్యూటర్ల లోపలుండే చిన్న స్పీకరును, ఎంచుకుంది. కంప్యూటర్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడిన తరానికి ఆ కీచు శబ్దమే అసలు సంగీతం, అది లోపం కాదు! అయినా సెటప్‌లో సౌండ్ బ్లాస్టర్ అనే సౌండ్ కార్డుకు మార్చుకోవచ్చు.

సంగీతం ఉంది, చప్పుళ్లు లేవు

సౌండ్ బ్లాస్టర్ కార్డులో రెండు వేర్వేరు భాగాలుండేవి. సంగీతాన్ని యమహా ఎఫ్‌ఎం చిప్ పలికించేది. 1987లో వచ్చిన ఆడ్‌లిబ్ కార్డులోనూ ఉన్నది ఈ కుటుంబపు చిప్పే. దానికి 388 అనే పోర్టు నంబరు తెలిస్తే చాలు. రికార్డు చేసిన చప్పుళ్లు, మాటలు మాత్రం రెండో భాగం గుండా వస్తాయి. దానికి పోర్టుతోపాటు ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసరును పిలిచే దారి), డీఎంఏ (శబ్దం మెమరీ నుంచి నేరుగా కార్డుకు చేరే దారి) నంబర్లు కూడా సరిపోవాలి.

కారణం ఇది. కార్డు శబ్దాన్ని ముక్కలుగా తీసుకుంటుంది. ఒక ముక్క అయిపోగానే ఐఆర్‌క్యూ ద్వారా ప్రాసెసరును పిలిచి తరువాతి ముక్క అడుగుతుంది. కార్డు 7 మీద పిలుస్తుంటే ఆట 5 మీద ఎదురుచూస్తోందనుకోండి, ఆ పిలుపు ఎవరికీ అందదు. అప్పుడు మొదటి ముక్క పలికి ఆగిపోతుంది, లేదా అదే ముక్క పదే పదే మోగుతుంది. కొన్ని ఆటలు అక్కడే బిగుసుకుపోతాయి కూడా. సంగీతం శుభ్రంగా వస్తూ మాట మొదటి అక్షరం దగ్గరే చిక్కుకుంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు, నంబర్లే తప్పు.

డాస్‌బాక్స్‌లో సెట్ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. వచ్చే వరుసల్లో బ్లాస్టర్ = ఎ220 ఐ7 డి1 హెచ్5 టి6 అని ఒకటి కనిపిస్తుంది. ఎ అంటే పోర్టు, ఐ అంటే ఐఆర్‌క్యూ, డి అంటే డీఎంఏ, హెచ్ అంటే 16 బిట్ల శబ్దానికి వాడే రెండో డీఎంఏ. చివరి టి6 కార్డు రకం, అంటే 1992లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16. ఇప్పుడు ఆట ఫోల్డరులో సెటప్, ఇన్‌స్టాల్, సౌండ్ వంటి పేర్లతో ఉన్న ప్రోగ్రాములను వెతికి నడిపి, అవే నంబర్లు ఇవ్వండి. సౌండ్ బ్లాస్టర్ 16 పెట్టెలోంచి తీసినప్పుడు ఐఆర్‌క్యూ 5 మీద ఉండేది. అందుకే చాలా ఆటలు అడగకుండానే 5 చూపిస్తాయి. డాస్‌బాక్స్ 7 అంటుంది. ఎక్కువ తగాదాలకు మూలం ఈ తేడాయే.

రెండూ ఉన్నాయి, పగులుతున్నాయి

అసలు పాఠం ఇది. చిటపటలాడటం, గరగరమనడం, తెగి తెగి రావడం, ఇవన్నీ ఒకే జబ్బుకు గుర్తులు: శబ్దం అందాల్సిన సమయానికి అందడం లేదు. ఎందుకు అందడం లేదన్నదానికి రెండు కారణాలున్నాయి, రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

డాస్‌బాక్స్ ఒక మిల్లీసెకనులో ఎన్ని ఆదేశాలు నడపాలో సైకిల్స్ అనే సంఖ్య చెబుతుంది. అది మరీ తక్కువైతే, ఆట తన శబ్దాన్ని సిద్ధం చేయలేక వెనకబడుతుంది. అప్పుడు బొమ్మ కూడా మందకొడిగా కదులుతుంది, హడావుడి పెరిగినప్పుడు శబ్దం మరింత తెగుతుంది. అది మరీ ఎక్కువైతే, మీ అసలు ప్రాసెసరుకే ఊపిరాడదు. ఆట నడపడానికే దాని శక్తి చాలక, శబ్దాన్ని స్పీకరుకు పంపే తీరిక ఉండదు. ఇదీ పగిలే శబ్దమే, చెవికి తేడా దొరకదు. కాబట్టి కొలవాలి.

టాస్క్ మేనేజరు తెరవండి. డాస్‌బాక్స్ దాదాపు పనంతా ఒకే కోర్ మీద చేస్తుంది. మీ ప్రాసెసరులో 8 లాజికల్ కోర్లుంటే, డాస్‌బాక్స్ పక్కన 12 శాతం కనిపించడమంటే ఒక కోర్ నిండిపోయిందని అర్థం. 12 చిన్న అంకెలా కనిపించి చాలామందిని తికమక పెడుతుంది. కోర్ నిండి ఉంటే సైకిల్స్ తగ్గించాలి, ఖాళీ ఉంటే పెంచాలి.

ఆటో అన్న అమరికను పాత ఆటల విషయంలో నేను పెద్దగా నమ్మను. అది కొన్ని ఆటలకు 3000 ఇచ్చి ఊరుకుంటుంది, మరికొన్నింటికి ఉన్న శక్తంతా ధారపోస్తుంది. సీపీయూ విభాగంలో సైకిల్స్ ఎదురుగా ఫిక్స్‌డ్ 10000 అని రాసి సేవ్ చేయండి. ఆట నడుస్తుండగా కంట్రోల్ పట్టుకుని ఎఫ్12 నొక్కితే సంఖ్య పెరుగుతుంది, ఎఫ్11 నొక్కితే తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ మీట కూడా కలిపి నొక్కాల్సి రావచ్చు. కిటికీ పైపట్టీలో సంఖ్య మారడం చూస్తూ పెంచండి. ఒక చోట శబ్దం అతుక్కుంటుంది, ఇంకా పెంచితే మళ్లీ పగులుతుంది. ఆ రెంటికీ మధ్య సంఖ్యను రాసుకుని ఫైలులో పెట్టండి. 80ల చివరి ఆటలకు కొన్ని వేలు చాలు, 486 ప్రాసెసర్ల కాలపు ఆటలకు ఇరవై వేలు దాటవచ్చు. ఆట తెరుచుకుంటూనే ఆడ్‌లిబ్ కార్డు లేదని చెబితే అది కూడా ఒక్కోసారి సైకిల్స్ మరీ ఎక్కువై కావచ్చు. పాత ప్రోగ్రాములు కార్డును గుర్తించడానికి పెట్టుకున్న చిన్న విరామం వేగంలో కరిగిపోతుంది.

ఛార్జరు తీసేశాకే పగలడం మొదలైతే ఫైలు జోలికే వెళ్లకండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ పొదుపు కోసం ప్రాసెసరును నెమ్మది చేస్తోంది, అంతే.

సైకిల్స్ కుదిరినా అప్పుడప్పుడూ చిటుక్కుమంటుంటే, అప్పుడు మిక్సర్ విభాగంలోని బ్లాక్‌సైజ్ వైపు చూడాలి. మునిసిపల్ కుళాయి వచ్చి పోతుండే ఇంట్లో నీళ్ల డ్రమ్ము లాంటిది ఇది. డ్రమ్ము పెద్దదైతే సరఫరా కాసేపు ఆగినా ఇంట్లో పని ఆగదు. 1024 అంటే సెకనుకు 44100 నమూనాల రేటు దగ్గర సుమారు 23 మిల్లీసెకన్ల శబ్దం నిల్వ. 2048 చేస్తే 46. దీనితోపాటు ప్రీబఫర్ (ముందుగా నిల్వ ఉంచే శబ్దం, మిల్లీసెకన్లలో) కూడా 40 వరకు పెంచి చూడవచ్చు. ధర ఏమిటంటే ఆలస్యం. గోడ తగిలిన కాసేపటికి చప్పుడు వస్తుంది. 4096కు వెళ్తే ఆ తేడా ఎవరికైనా తెలిసిపోతుంది, కాబట్టి 2048 దగ్గర ఆగమంటాను. అలాగే బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆలస్యాన్ని కొలవకండి. దానికదే వంద మిల్లీసెకన్లకు పైగా కలుపుతుంది, తప్పు డాస్‌బాక్స్ మీద పడుతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్‌తో పరీక్షించండి.

రాగం సరే, వాద్యాలే వింత

పాట గుర్తుపట్టగలిగేలా ఉండి, డోలు ఉండాల్సిన చోట పియానో మోగుతుంటే ఏదీ పాడైపోలేదు. ఆ సంగీతాన్ని 1987 నాటి రోలాండ్ ఎంటీ–32 అనే సంగీత పరికరం కోసం రాశారు, మీ విండోస్ దాన్ని 1991లో వచ్చిన జనరల్ మిడి పద్ధతిలో చదువుతోంది. రెండింట్లో వాద్యాల నంబర్లు వేరు. సెటప్‌లో జనరల్ మిడి అన్న ఎంపిక ఉంటే అది పెట్టండి, లేకపోతే ఆడ్‌లిబ్ పెట్టండి. మంట్ అనే ప్రోగ్రాము ఎంటీ–32ను అనుకరిస్తుంది గానీ, ఆ పరికరపు రోమ్ ఫైళ్లు విడిగా కావాలి. ఆ ప్రయాస ఇప్పుడే వద్దు.

చప్పుళ్లన్నీ ఉండి సంగీతం మాత్రమే లేకపోతే, అది సీడీ ఆట అయి ఉండవచ్చు. ఆ పాటలు ఫైళ్లుగా కాక సీడీ మీద ఆడియో ట్రాకులుగా ఉంటాయి. ఫోల్డరులోకి ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే పాటలు రావు. క్యూ, బిన్ ఫైళ్లతో ఉన్న ఇమేజ్ (సీడీ మొత్తానికి నకలు) కావాలి, దాన్ని ఐఎంజీమౌంట్ ఆదేశంతో డి డ్రైవుగా పెట్టాలి.

అభ్యాసం

1. మీ ఆట బాగా నడుస్తున్నా సరే, సెటప్‌లో ఐఆర్‌క్యూను కావాలని 5కు మార్చి వినండి. ఆ చిక్కుకున్న శబ్దం ఒకసారి విన్నారంటే మళ్లీ ఎక్కడైనా గుర్తుపడతారు. తరువాత 7కు తెచ్చేయండి.

2. సైకిల్స్‌ను 1000 నుంచి మొదలుపెట్టి శబ్దం అతుక్కునే సంఖ్యను, మళ్లీ పగిలే సంఖ్యను రాసుకోండి.

3. డాస్‌బాక్స్‌లో మిక్సర్ అని టైపు చేయండి. మాస్టర్, ఎస్‌బీ (సౌండ్ బ్లాస్టర్ చప్పుళ్లు), ఎఫ్‌ఎం (సంగీతం) వంటి వరుసలు వస్తాయి. మిక్సర్ ఎఫ్‌ఎం 40:40 అని ఇచ్చి, సంగీతం తగ్గి చప్పుళ్లు అలాగే ఉన్నాయో లేదో వినండి. ఏ శబ్దం ఏ భాగం నుంచి వస్తోందో తేల్చుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

వచ్చే పాఠంలో జాయ్‌స్టిక్కు. పెద్ద సైకిల్స్ సంఖ్య దానితో పెట్టే పేచీ వేరు, కాబట్టి రెండో అభ్యాసంలో రాసుకున్న కాగితం పారేయకండి.