రైతు బజార్‌కి సంచి పట్టుకెళ్లే ముందు

1999లో మొదలైనప్పటి నుంచీ రైతు బజార్‌లో ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాస్తారు. ముందు అది చదవండి, బేరాల టెన్షన్ ఉండదు. ఆకుకూరలకైతే పొద్దున్నే వెళ్లాలి. వంకాయల్లో చవక చూడకండి, పుచ్చులుంటే సగం చెత్తబుట్టకే. తొడిమ పచ్చగా, కాయ నిగనిగలాడుతూ ఉండాలి.

కొత్తిమీర తేగానే కడగొద్దు. వేర్లు కోసి, తడి ఆరనిచ్చి, పాత పేపర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కాడలు చారులోకి.

చింతపండు మాత్రం నెలనెలా కొనొద్దు. మార్చి, ఏప్రిల్‌లో కొత్తది రాగానే ఏడాదికి సరిపడా తీసుకోండి. గింజలు, ఈనెలు తీసి, బాగా ఎండబెట్టి, రాళ్ల ఉప్పు కలిపి జాడీకెత్తండి. "కొట్లో దొరకదా?" అంటారు మా ఆయన. దొరుకుతుంది, పావుకిలో ప్యాకెట్ రేటు చూసొచ్చి మాట్లాడమంటాను.