ఫజర్ మరమ్మతు, 4వ పాఠం: 256 దగ్గర మాయమయ్యే దారి

మూడో పాఠం చివర ఇచ్చిన పని చాలామంది చేసి పంపారు. వేరే ప్రోగ్రామ్‌లలో తప్పులు వెతికే మన బుల్లి ఫజర్‌కు క్లాంగ్ కంపైలర్ ఇచ్చే కవరేజ్ హుక్ (ప్రోగ్రామ్ ఏ దారిన నడిచిందో చెప్పే ఫంక్షన్) తగిలించి, ప్రోగ్రామ్‌లోని ఒక్కో మలుపు, అంటే ఒక కోడ్ ముక్క నుంచి ఇంకో ముక్కకు వెళ్లే దారి, ఎన్నిసార్లు తిరిగిందో ఒక్కో బైట్‌లో లెక్కపెట్టించేదాకా వచ్చాం. రావులపాలెం దగ్గర ఇంట్లోనే ఉండి చదువుకుంటున్న ఒకమ్మాయి మాత్రం పనితో పాటు ఒక ప్రశ్న కూడా జత చేసింది.

"మాస్టారూ, బైట్‌లో పట్టేది 255 దాకానే కదండి. ఒక మలుపు 256 సార్లు తిరిగితే ఏమవుద్దండి?"

ఈ వారం కొత్త మ్యుటేషన్లు, అంటే ఇన్‌పుట్‌ను మార్చే పద్ధతులు, రాయడం చెబుదామని సగం పాఠం రాసుకున్నాను. ఈ ప్రశ్న చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. కొత్త హంగులు కట్టడానికి ఎవరైనా ముందుకొస్తారు. ఉన్న లెక్క సరిగ్గా ఉందా అని అడిగేవాళ్లే తక్కువ. పదిమంది వాడే టూల్‌ను చూసుకోవడమంటే ఎక్కువ రోజులు ఇలాంటి ప్రశ్న వెంట తిరగడమే.

ఈ వారమే కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కలు. ఫజర్ అంటే ప్రోగ్రామ్‌కు అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు తోసి, ఎక్కడ కూలుతుందో చూసే ప్రోగ్రామ్. ఈ పేరు పెట్టింది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన బార్టన్ మిల్లర్. 1988లో ఒక గాలివాన రాత్రి ఆయన ఇంటి నుంచి ఫోన్ లైన్ మీద యూనివర్సిటీ కంప్యూటర్‌లో పనిచేస్తుంటే, లైన్‌లో గరగరకు చెత్త అక్షరాలు దూరి ప్రోగ్రామ్‌లు కూలిపోయాయట. గాలివానకు ఏమేం కూలతాయో కోనసీమ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు గానీ, అందులోంచి ఒక విద్య పుట్టడం మాత్రం విశేషమే. ఆ తొలి ఫజర్లు గుడ్డిగా విసిరేవి. 2013లో మిఖావ్ జలెవ్‌స్కీ బయటపెట్టిన ఏఎఫ్ఎల్, విసిరిన ప్రతిసారీ ప్రోగ్రామ్ లోపల కొత్త దారి ఏదైనా తెరుచుకుందా అని చూసి, తెరిచిన ఇన్‌పుట్‌ను దాచుకుని, మళ్లీ దాన్నే మార్చి విసిరే పద్ధతిని అందరికీ అలవాటు చేసింది. మనం కడుతున్నదీ ఆ కోవలోదే.

కళ్లంలో లెక్క

మా తాతయ్య కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు "ఒకటి" అనేవాడు కాదు. మొదటి కుంచం పడగానే "లాభం" అనేవాడు. తర్వాత రెండు, మూడు, నాలుగు. పుట్టి నిండితే పక్కన చాప మీద ఒక గుప్పెడు గింజలు కుప్పగా పోసి, మళ్లీ "లాభం" దగ్గర మొదలు. ఎన్ని పుట్లయ్యాయో చివర్లో ఆ గుప్పెళ్లు చెబుతాయి. గుప్పెడు పెట్టడం మరిచిపోతే పుట్టి ధాన్యం లెక్కలోంచి ఎగిరిపోయినట్టే.

మన ఫజర్ సరిగ్గా ఆ గుప్పెడు మరిచిపోతోంది. ఒక్కో మలుపు లెక్క ఉండే బైట్‌ను గడి అందాం. గడిలో 255 ఉన్నప్పుడు ఇంకొకటి కలిపితే 256 అవ్వాలి. ఎనిమిది బిట్లలో ఆ అంకె పట్టదు. పైకి పొంగిన బిట్టు, అంటే క్యారీ, ఎక్కడా నమోదు కాదు. గడిలో సున్నా మిగులుతుంది. ఫజర్ భాషలో సున్నాకు ఒకటే అర్థం: ఇటు ఎవరూ రాలేదు. 256 సార్లు తిరిగిన మలుపును ఒక్కసారి కూడా తిరగని మలుపుగా రాసుకుంటుందన్నమాట.

257 అయితే గడిలో 1 పడుతుంది. అదీ తప్పే, కానీ కొంపలు మునగవు. ఎందుకంటే ఏఎఫ్ఎల్ పద్ధతిలో మనం ఖచ్చితమైన అంకెను వాడుకోం. 1, 2, 3, 4 నుంచి 7, 8 నుంచి 15, 16 నుంచి 31, 32 నుంచి 127, 128 ఆపైన అని ఎనిమిది గుంపులు చేసి, ఏ గుంపులో పడిందనేదే చూస్తాం. గుంపు తారుమారైతే సమాచారం కొంత చెడుతుంది. సున్నా అయితే దారే మాయమవుతుంది. ఈ రెండు తప్పులూ ఒక బరువువి కావు, మరమ్మతు చేసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

సరిగ్గా 256 సార్లు తిరగడం ఏ పుణ్యకాలానికో జరిగే పని అనుకుంటారేమో. జిఫ్ బొమ్మలో రంగుల పట్టికకు గరిష్ఠంగా 256 గడులుంటాయి. డేటా చెడిపోయిందో లేదో చూసే సీఆర్‌సీ-32 లెక్కకు ముందుగా తయారుచేసుకునే పట్టికలోనూ సాధారణంగా 256 గడులే. ఒక బైట్‌కు ఎన్ని విలువలుంటాయో అన్నిసార్లు తిరిగే లూపులు ఫైల్ ఫార్మాట్లు చదివే ప్రోగ్రామ్‌లలో అడుగడుగునా తగులుతాయి. మనం ఫజ్ చేసేవీ ఎక్కువగా అలాంటి ప్రోగ్రామ్‌లనే.

ముందు తప్పును కళ్లారా చూడాలి

ఇక్కడ తొందరపడి మరమ్మతు మొదలుపెట్టకండి. తప్పు ఉందని మనకు తెలిసింది కాగితం మీదే. దాన్ని నడుస్తున్న ఫజర్‌లో చూపించగలిగితేనే రేపు మరమ్మతు పనిచేసిందో లేదో తెలుస్తుంది.

సీ భాషలో ఒక చిన్న పరీక్ష ప్రోగ్రామ్ రాయండి. మూడు బైట్ల ఇన్‌పుట్ చదవాలి. తర్వాత 256 సార్లు తిరిగే ఒక లూప్. లూప్ లోపల: మొదటి బైట్ పెద్ద కె అయితే, దాని లోపల రెండో బైట్ పెద్ద డి అయితే, దాని లోపల మూడో బైట్ పెద్ద ఎం అయితే, అబార్ట్, అంటే ప్రోగ్రామ్ కూలిపోవాలి. అంతే, మొత్తం పదిహేను లైన్లు దాటదు. కంపైలర్ తెలివితేటలు లూప్ రూపాన్ని మార్చేయకుండా ఆప్టిమైజేషన్ పూర్తిగా ఆపి, ఓ-సున్నాతో కంపైల్ చేయండి. చిన్న ఏ మూడుసార్లు ఉన్న ఫైల్‌ను సీడ్‌గా, అంటే మొదటి ఇన్‌పుట్‌గా, ఇచ్చి ఫజర్ వదలండి.

వదిలి టీ తాగి రండి. ఏమీ దొరకదు. పడుకుని తెల్లారి చూసినా దొరకదు.

ఎందుకో చూద్దాం. ఫజర్ ఎప్పుడో ఒకప్పుడు మొదటి బైట్‌ను కె చేస్తుంది. అప్పుడు లోపలి మలుపు 256 సార్లు తిరుగుతుంది. గడిలో సున్నా. కొత్తదేమీ లేదనుకుని ఆ ఇన్‌పుట్‌ను పారేస్తుంది. బంగారం లాంటి మెట్టు చేతికొచ్చి జారిపోయింది. మన మ్యుటేటర్ ఒక విసురుకు ఒక్క బైటే మారుస్తుంది కాబట్టి మూడూ ఒకేసారి కుదిరే దారే లేదు. మూడు బైట్లనూ ఒకేసారి యాదృచ్ఛికంగా మార్చే ఫజర్‌కైనా అవకాశం 1,67,77,216లో ఒకటి. సెకనుకు 2,000 విసుర్లు వేసినా సగటున 2 గంటల 20 నిమిషాలు. అదే మెట్టు మెట్టుకూ ఇన్‌పుట్ దాచుకుంటూ ఎక్కితే, మెట్టుకు సుమారు 768 విసుర్లు, మూడు మెట్లకు రెండు వేల పైచిలుకు. సీడ్ల మధ్య విసుర్లు పంచుకుపోయినా కొన్ని సెకన్ల పని.

ఇప్పుడు ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అడుగు. ప్రోగ్రామ్‌లో 256ను 255 చేయండి. ఇంకేదీ ముట్టుకోవద్దు. మళ్లీ వదలండి. టీ కప్పు కింద పెట్టేలోపు క్రాష్ దొరుకుతుంది.

ఒక్క అంకె మార్పుతో లక్షణం వచ్చి పోతోందంటే, రోగం ఎక్కడుందో అనుమానం మిగలదు. సీడ్ చెడ్డదా, మ్యుటేటర్ బలహీనమా, మెషిన్ నెమ్మదా అనే వాదనలన్నీ అక్కడితో ఆగిపోతాయి. ఏ తప్పుకైనా ఇలాంటి జంట తయారుచేయండి: ఒకటి కూలేది, ఒకటి కూలనిది, మధ్యలో వీలైనంత చిన్న తేడా. దీనికి గంట పడితే పట్టనివ్వండి.

మరమ్మతు

హుక్ ఫంక్షన్‌లో గడికి ఒకటి కలిపే లైన్ ఉంది కదా. దాని కింద ఇంకో లైన్: గడి సున్నా అయితే ఇంకొకటి కలుపు. ఇఫ్ పెట్టక్కర్లేదు కూడా. సీ భాషలో "గడి సున్నాకు సమానమా" అనే పోలిక ఫలితం సున్నా లేదా ఒకటి. ఆ ఫలితాన్నే గడికి కలిపేయండి. 255 తర్వాత సున్నాకు పోకుండా 1 దగ్గరికి వస్తుంది. తాతయ్య లెక్కే. పుట్టి నిండాక మళ్లీ "లాభం".

ఇది నా ఉపాయం కాదు. ఏఎఫ్ఎల్ అభివృద్ధి మందగించాక 2019లో దానిలోంచి చీలి మొదలైన ఏఎఫ్ఎల్ ప్లస్ ప్లస్‌లో ఇది నెవర్‌జీరో అనే పేరుతో ఉంది. ఎక్స్86 ప్రాసెసర్ మీద దీనికి రెండు ఇన్‌స్ట్రక్షన్లు చాలు: ఒకటి కలపడం, వెంటనే పొంగిన క్యారీని అదే గడికి కలపడం. పారేస్తున్న గుప్పెడును తీసుకొచ్చి కుప్పలోనే పోసినట్టు.

లెక్క ఇప్పుడు కూడా నిజం కాదని గమనించారా? 256 సార్లు తిరిగిన మలుపు 1 గుంపులో కనిపిస్తుంది. దీనికి మూతి ముడుచుకుని, గడిని 16 బిట్లు చేద్దాం అన్నవాళ్లు నా క్లాసులో ప్రతి ఏడూ ఒకరుంటారు. చేయొచ్చు. గడులన్నీ ఉండే పట్టిక, అంటే మ్యాప్, రెట్టింపవుతుంది. ప్రతి విసురుకూ దాన్ని తుడవాలి, చదవాలి, పోల్చాలి. సెకనుకు 2,000 సార్లు. ఏఎఫ్ఎల్ మ్యాప్‌ను 64 కిలోబైట్లకే ఉంచిందంటే ప్రాసెసర్ కాష్‌లో, అంటే దాని దగ్గరే ఉండే వేగమైన చిన్న మెమరీలో, ఇమిడిపోవాలనే. నా ఓటు చవకైన మరమ్మతుకే. దారి కనిపిస్తే చాలు, ఎన్నిసార్లు తిరిగిందనేది ఉజ్జాయింపుగా ఉన్నా ఫజర్ బతుకుతుంది.

ఇక ఈ తప్పు మళ్లీ రాకుండా ఒక టెస్ట్. ఫజర్‌ను పది సెకన్లు నడిపి క్రాష్ దొరికిందో లేదో చూసే టెస్ట్ రాయాలనిపిస్తుంది. వద్దు. అలాంటిది ఏదో ఒక రోజు అదృష్టం బాగోక ఫెయిలవుతుంది. రెండుసార్లు అలా జరిగాక ఆ టెస్ట్ మాట ఎవరూ వినరు. దానికి బదులు పరీక్ష ప్రోగ్రామ్‌ను రెండే రెండుసార్లు నడపండి. ఒకసారి మూడు ఏ-లతో, ఒకసారి మొదటి అక్షరం కె చేసి. రెండు మ్యాప్‌లలో సున్నా కాని గడులు ఏవేవో రాసుకుని పోల్చండి. రెండూ ఒకేలా ఉంటే టెస్ట్ ఫెయిల్. ఇందులో యాదృచ్ఛికం లేదు, గడియారం లేదు. పాత కోడ్ మీద నడిపి ఫెయిలవడం చూశాకే కొత్త కోడ్ మీద నడపండి. ఎప్పుడూ ఫెయిలవని టెస్ట్‌ను నేను నమ్మను.

వేగం ఎంత తగ్గింది?

మన హుక్ ఎలాగూ ఫంక్షన్ కాల్ కాబట్టి, ఒక కూడిక పెరిగితే తేడా కనిపించకపోవచ్చు. అయినా కొలవాలి.

కొలత అనగానే నా పరువు తీసిన సంగతి చెప్పాలి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం పాత కోడ్ ఐదుసార్లు నడిపి, తర్వాత కొత్త కోడ్ ఐదుసార్లు నడిపాను. కొత్తది బాగా నెమ్మదిగా ఉందని తేలింది. రెండు రోజులు కోడ్ మీద తల బద్దలు కొట్టుకున్నాను. తీరా చూస్తే, మధ్యలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారి, తనంతట తనే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంది. కోడ్ తప్పేమీ లేదు.

అప్పట్నుంచి నేను పాతది ఒకసారి, కొత్తది ఒకసారి, మళ్లీ పాతది, మళ్లీ కొత్తది అని మార్చి మార్చి నడుపుతాను. కరెంటు పోయినా, గది వేడెక్కినా దెబ్బ ఇద్దరికీ సమానంగా తగులుతుంది. ఒక్కోటి పదిసార్లు. సగటు కన్నా మధ్యమం చూడండి, కనిష్ఠం గరిష్ఠం కూడా పక్కన రాయండి. పాతదాని వ్యాప్తి, కొత్తదాని వ్యాప్తి చాలావరకు ఒకదాని మీద ఒకటి పడుతుంటే తేడా ఉందని చెప్పడానికి మీ దగ్గర ఆధారం లేనట్టే.

ఇది ఇంట్లో నేర్చుకునేవాళ్ల బాధే అనుకోకండి. 2018లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు, సహచరులు కలిసి ఫజింగ్ మీద వచ్చిన 32 పరిశోధన పత్రాలు తిరగేస్తే, ప్రతి ఒక్క దాని కొలతల్లోనూ ఏదో ఒక లోపం కనిపించింది. ఫజర్ పనిలో అదృష్టం పాలు ఎక్కువ కాబట్టి ఒక్కసారి నడిపి గెలిచానంటే కుదరదని, చాలాసార్లు, 24 గంటల చొప్పున నడపాలని వాళ్లు చెప్పారు. మన పదిహేను లైన్ల ప్రోగ్రామ్‌కు 24 గంటలు అనవసరం. నిజమైన లైబ్రరీ మీద "నా మార్పు మెరుగు" అనాలంటే మాత్రం తప్పదు.

పంపేటప్పుడు

పెద్ద ప్రాజెక్టుకు ఇలాంటి మార్పు పంపాల్సి వస్తే, ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉంచండి. దారిలో కనిపించిన ఖాళీలు, ఇండెంటేషన్లు సర్దకండి. సందేశంలో కూలే జంట, టెస్ట్, కొలత అంకెలు రాయండి. వేగం కొంచెం తగ్గి ఉంటే అదీ రాయండి, దాచినా చదివేవాళ్లకు దొరికిపోతుంది. ఏ బ్రాంచ్‌కు పంపాలో ముందే చదువుకోండి. ఏఎఫ్ఎల్ ప్లస్ ప్లస్ వాళ్లయితే మార్పులు డెవ్ బ్రాంచ్‌కే పంపమంటారు. వారం రోజులు జవాబు రాకపోతే టెన్షన్ పడకండి, అవతలివాళ్లూ ఉద్యోగాలు చూసుకుని రాత్రిపూట ఈ పని చేసేవాళ్లే కావచ్చు.

ఇంటిపని. 255 దాటాక 1కి తిప్పకుండా, 255 దగ్గరే గడిని ఆపేస్తే? గుంపు కూడా తప్పదు కదా, 128 పైనే ఉంటుంది. కాగితం మీద ఇదే మెరుగ్గా కనిపిస్తుంది. రాసి, ఈ పాఠంలోని పరీక్ష ప్రోగ్రామ్ మీదా, 256 స్థానంలో 300 పెట్టీ, రెండు పద్ధతుల్నీ మార్చి మార్చి పదేసి సార్లు కొలవండి. అంకెలు పంపండి, అభిప్రాయం తర్వాత.

ఐదో పాఠంలో ఇంకో దొంగ లెక్క చూద్దాం. పాత ఏఎఫ్ఎల్‌లో మలుపులకు గడులు లాటరీ వేసినట్టు దొరుకుతాయి. 65,536 గడుల్లో 10,000 మలుపులు పడితే సుమారు 7 శాతం అప్పటికే ఇంకో మలుపు ఉన్న గడిలో పడతాయి. 50,000 పడితే సుమారు 30 శాతం. ఈ అంకెలు ఎలా వచ్చాయో వీలైతే ముందే లెక్కకట్టి ఉంచండి.