శ్రావణం ఆర్డర్లు ఒప్పుకునే ముందు: ఎంబ్రాయిడరీ పేపర్ విషయంలో జాగ్రత్తలు

ఆషాఢం సగమయ్యేసరికే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణాల్లో సంచులు పేరుకుంటాయి. శ్రావణంలో పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం, ఒడిబియ్యం. అటు జాకెట్ ముక్కలు, ఇటు చుట్టాలకు పెట్టే టవళ్లు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పని మీదపడ్డ ఆ రోజుల్లోనే ఒక చెడ్డ అలవాటు పట్టుకుంటుంది: ఒకే రకం పేపర్ రోల్ తెచ్చి, వచ్చిన ప్రతి బట్ట కిందా అదే వేసి లాగించడం. ఫ్రేమ్‌లో ఉన్నంతసేపు ఏ డిజైనైనా అందంగానే ఉంటుంది. అసలు సంగతి మొదటి ఉతుకు తర్వాత తెలుస్తుంది, అప్పటికి బట్ట గిరాకీ ఇంట్లో ఉంటుంది.

సూది నిమిషానికి వందల కుట్లు వేస్తుంటే బట్ట సాగకుండా, ముడుచుకోకుండా పట్టుకోవడం పేపర్ పని. ఏది వేయాలో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఉతికిన తర్వాత ఈ కుట్ల బరువు ఎవరు మోయాలి? బట్టే మోయగలిగేంత గట్టి నేత అయితే పేపర్ చింపేయొచ్చు, అది టియర్ అవే. బట్ట సాగేదో పలచనిదో అయితే పేపర్ లోపలే ఉండిపోవాలి, డిజైన్ చుట్టూ కత్తిరించి వదిలేసే కట్ అవే కావాలి. వెనకవైపు ఏమీ కనిపించకూడదంటే నీళ్లలో కరిగేది. మార్కెట్లో ఎన్ని పేర్లున్నా ఎక్కువ భాగం ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

జాకెట్ మెడకు వేసే బకరం మిగిలింది కదా అని కింద పెట్టేవాళ్లున్నారు. బకరానికి చాలావరకు గంజి వల్లే గట్టిదనం. ఉతికితే గంజి పోతుంది, డిజైన్ చుట్టూ ముడతలు లేస్తాయి. పాత న్యూస్ పేపర్ సంగతి ఇంకా ఘోరం. సిరా లేత రంగు బట్టకు అంటుతుంది, కాగితపు పొడి కిందిదారం ఉండే బాబిన్ కేస్‌లో చేరుతుంది, సూది మొద్దుబారుతుంది. మీటరు పేపర్ ఖరీదు మిగిల్చుకోబోయి పట్టు జాకెట్ ముక్కకు పరిహారం కట్టుకోవాల్సి వస్తుంది.

ఇక టవళ్లు. మన దగ్గర అమ్ముడయ్యే టర్కీ టవళ్లలో షోలాపూర్ సరుకు చాలా ఉంటుంది. అక్కడి మగ్గాల మీద తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాల చెయ్యి ఉంది కాబట్టి ఒకరకంగా అది మనవాళ్ల సరుకే. టర్కీ టవల్ అంతా దారపు ఉచ్చులే. కింద ఎంత మంచి పేపర్ వేసినా పైన ఏమీ లేకపోతే కుట్లు ఆ ఉచ్చుల మధ్యకు దిగిపోతాయి, ఉచ్చులు అక్షరాల సందుల్లోంచి పైకి పొడుచుకొస్తాయి. అందుకే టవల్‌కు రెండువైపులా రక్షణ కావాలి: కింద టియర్ అవే గానీ నీళ్లలో కరిగేది గానీ, పైన నీళ్లలో కరిగే పలచని ఫిల్మ్. చూడటానికి ప్లాస్టిక్ కవర్‌లా ఉంటుందని కొందరు మామూలు పాలిథిన్ కవరే కత్తిరించి వేస్తారు. అది కరగదు, కుట్ల కింద చిక్కుకుపోయి ప్రతి ఉతుకుకూ తునకలు తునకలుగా బయటికొస్తుంది.

టవల్‌ను ఫ్రేమ్‌లో బిగించకండి. ఉచ్చులు అణిగి రింగు అచ్చు పడుతుంది, మందపాటి టవల్‌లో ఆ అచ్చు ఒక పట్టాన పోదు. పేపర్‌ను మాత్రమే ఫ్రేమ్‌లో డోలులా బిగించి, దాని మీద గమ్ స్ప్రే కొట్టి టవల్ పరచండి. ఆ పైన ఫిల్మ్ వేసి, డిజైన్ చుట్టూ పొడుగు కుట్లతో ఒక చట్రం కుట్టించాక అసలు డిజైన్ మొదలుపెట్టండి. ఆ చట్రం దారం తర్వాత లాగేయొచ్చు. టవల్ వెనకవైపూ కనిపిస్తుంది కాబట్టి బాబిన్‌లో తెల్లదారం వదిలేయకుండా పైదారం రంగే వేయడం మంచిది. సూది 14 నంబరు. నూలు టవల్ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, కనుక వీలైతే ముందే ఒకసారి ఉతికి ఆరబెట్టి కుట్టండి.

పేర్లు కుట్టేటప్పుడు తెలుగు అక్షరాలతో ఒక చిక్కుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు చిన్న సైజులోనూ టవల్ మీద నిలబడతాయి. తెలుగులో తలకట్టు, గుడి, ఒత్తు అన్నీ సన్నని మెలికలు. ‘లక్ష్మి’ అని చిన్నగా కుట్టిస్తే కింది ఒత్తులు ఉచ్చుల్లో మునిగిపోయి ఏ పేరో చదవడం కష్టమవుతుంది. గీత మందం రెండు మిల్లీమీటర్లకు తగ్గకుండా, అక్షరాలు కాస్త పెద్దవిగా పంచింగ్ (బొమ్మను మెషీన్ కుట్టే డిజైన్ ఫైల్‌గా మార్చడం) చేయించండి. అక్షరాల కింద టవల్ రంగు దారంతోనే పలచని జాలీ కుట్టు ముందు వేయిస్తే ఉచ్చులు అణిగి ఉంటాయి. ఫిల్మ్ కరిగిపోయాక కూడా ఆ జాలీ పనిచేస్తూనే ఉంటుంది.

టవల్ పాడైతే ఇంకొకటి తెచ్చివ్వొచ్చు. చీరతోపాటు నేసిన జాకెట్ ముక్క పాడైతే అది మళ్లీ దొరకదు. ఈ సీజన్‌లో నిజంగా భయపడాల్సిన పని ఇదే.

గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. జాకెట్ చేతికి అంచు వచ్చేలా డిజైన్ పెట్టమని అందరూ అడుగుతారు. నూలూ జరీపట్టూ ఒకేలా సాగవు, కలిసిన చోటే ముడత పడుతుంది. అక్కడ రెండు ముక్కల పేపర్ వేయకండి. నూలునూ అంచునూ కలిపి పట్టేలా ఒకటే మెత్తని, పలచని కట్ అవే వేయండి. నారాయణపేట గళ్ల బట్ట ఫ్రేమ్‌లో కొంచెం వంకరగా బిగిసినా గళ్లే పట్టిచ్చేస్తాయి, కాబట్టి నిలువు పోగుకు గీత గీసుకుని ఆ గీత ప్రకారమే బిగించండి.

పోచంపల్లి పట్టు దగ్గర నీళ్లంటేనే జాగ్రత్త. ముదురు ఎరుపు, నలుపు రంగులు ఒక్కోసారి దిగుతాయి. మూల మీద తడి తెల్లగుడ్డ అద్ది చూడనిదే నీళ్లలో కరిగే పేపర్ జోలికి వెళ్లొద్దు. రంగు దిగకపోయినా పట్టు మీద నీటి మరక పడొచ్చు. ఇస్త్రీతో అతికే పేపర్ అయితే ముందు మూలలో ఒక అంగుళం అతికించి చూడండి. ఇప్పటి జరీలో ప్లాస్టిక్ పోగు ఎక్కువ, వేడి మించితే మెలికపడుతుంది. గమ్ స్ప్రే పేపర్‌కే కొట్టాలి, పట్టుకు కొట్టొద్దు. ఫ్రేమ్ లోపలి రింగుకు నూలు పట్టీ చుడితే అచ్చు పడదు. సూది కొత్తది, 11 నంబరు.

ఇంత చేసినా పలచని పట్టు మీద దట్టమైన డిజైన్ పెడితే ఏ పేపరూ కాపాడలేదు. కుట్ల దట్టం తగ్గించమని పంచింగ్ చేసేవాళ్లకు చెప్పండి. గిరాకీకి బరువైన డిజైనే నచ్చితే దాన్ని వేరే బట్ట మీద చేసి అతికించే ప్యాచ్ వర్క్ చూపించండి. ఒప్పుకోకపోతే ఆర్డర్ వదులుకోవడమే మేలని నా అభిప్రాయం.

కట్ అవే వేసినప్పుడు ఈ మాట తప్పకుండా వినాల్సి వస్తుంది:

“అక్కా, ఎనక పేపర్ తియ్యనే లేదు. గిట్లనే ఇస్తరా?”

“అది ఉండాలె చెల్లె. తీస్తే నాలుగు ఉతుకులకే డిజైన్ ముడుచుకుంటది.”

ఆర్డర్ తీసుకునేటప్పుడే చెబితే ఈ గొడవ ఉండదు. పేపర్‌ను కుట్టుకు ఆనించి కత్తిరించకుండా అర సెంటీమీటరు పైన వదలండి. చిన్నపిల్లల గౌనుకైతే వెనక ఇస్త్రీతో అతికే మెత్తని ఫ్యూజింగ్ బట్ట వేయాలి, లేకపోతే ఒళ్లు గీరుకుంటుంది. టియర్ అవే చింపేటప్పుడు కుట్ల మీద బొటనవేలు ఆనించి, ఒక్కో పొర విడిగా చింపండి.

స్కూల్ టీషర్టులు సాగే అల్లిక కాబట్టి కట్ అవే, మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది, అంతే. నెట్ చేతులకు నీళ్లలో కరిగే పేపర్‌లో ఫిల్మ్ కాదు, గుడ్డలా ఉండే రకం. వెల్వెట్‌కు టవల్ పద్ధతే, ఫిల్మ్‌తో సహా.

రోల్ కొనేటప్పుడు జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో అడగండి. 40 దగ్గర ఉన్నది తేలిక, 80 దగ్గర ఉన్నది బరువు. తేలికది రెండు పొరలు వేయాల్సి వస్తే రెండోదాన్ని అడ్డంగా తిప్పి వేయండి, ఎందుకంటే చాలా పేపర్లు ఒకవైపు తేలిగ్గా చిరుగుతాయి. పేపర్ ముక్క ఫ్రేమ్ నాలుగువైపులా రింగు కిందికి రావాలి. మధ్యలో చిన్న ముక్క దూర్చితే అది కుట్టుతోపాటే జరుగుతుంది.

వానాకాలం కరెంటును నమ్మలేం. మధ్యలో పోతే ఫ్రేమ్ విప్పకండి, బట్టను ముట్టుకోకండి. వచ్చాక మెషీన్‌లో కొన్ని కుట్లు వెనక్కి జరిపి మళ్లీ మొదలుపెట్టండి. కరిగే ఫిల్మ్‌కు తేమ పడదు, జల్లు పడే కిటికీ పక్కన వదిలేస్తే పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, తడిచేత్తో తాకొద్దు. ఎండాకాలం మిగిలిపోయిన రోల్ పెళుసుబారి ఉండొచ్చు, ముందు చిన్న ముక్క వంచి చూడండి.

టవల్ ఇచ్చేటప్పుడు పైన మిగిలిన ఫిల్మ్‌ను చేత్తో తీసేసి, సందుల్లో ఉన్నదాన్ని తడిగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. ఫిల్మ్ పూర్తిగా పోకముందే ఇస్త్రీ పెట్టొద్దు, కుట్లకు కరుచుకుపోతుంది. మొదటి ఉతుకులో నీళ్లు రెండుసార్లు మార్చమని, కంఫర్ట్ లాంటివి వేయొద్దని గిరాకీకి చెప్పి పంపండి.