స్టార్ కట్టే ముందు: చిన్నపిల్లలున్న ఇంట్లో క్రిస్మస్ జాగ్రత్తలు

మూడు నాలుగేళ్ళ పిల్లలున్న ఇంట్లో క్రిస్మస్ పనులంటే పెద్దవాళ్ళ టెన్షనంతా కొవ్వొత్తుల మీదే ఉంటుంది. మంట కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని దగ్గర ఎలాగూ జాగ్రత్తగానే ఉంటాం. అంతకంటే ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి: బటన్ సెల్ (బిళ్ళలా ఉండే చిన్న బ్యాటరీ), అటక మీంచి దించిన పాత సీరియల్ లైట్ల సెట్టు.

పాట పాడే గ్రీటింగ్ కార్డులోనూ, మెరిసే శాంటా టోపీలోనూ, బ్యాటరీ కొవ్వొత్తిలోనూ చాలావరకు బటన్ సెల్సే ఉంటాయి. మంట భయంతో బ్యాటరీ కొవ్వొత్తులు కొనేవాళ్ళు ఈ సంగతి మొదట గమనించాలి. బాగా దొరికే సీఆర్ 2032 రకం 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే దాదాపు రూపాయి బిళ్ళంత. పిల్లలు మింగితే సరిగ్గా అన్నవాహికలో ఇరుక్కునే సైజు. అక్కడి తడి తగలగానే సెల్‌లోంచి కరెంటు పారి, క్షారం పుట్టి, లోపలి కండను కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. లైటు వెలిగించలేని పాత సెల్ కూడా ఈ పని చేయగలదు. పైకి కనిపించేది చాలాసార్లు చొంగ కారడం, దగ్గు, అన్నం వద్దనడం మాత్రమే కాబట్టి జలుబేమో అనుకుంటాం.

అందుకే సెల్ మూతకు స్క్రూ ఉన్న వస్తువులే కొనండి. మింగిందన్న అనుమానం వచ్చినా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి. కక్కించకూడదు, తిండి పెట్టకూడదు. ఏడాది దాటిన పిల్లలైతే, మింగి 12 గంటలు కాకపోతే, పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె దారిలో నాకించవచ్చు, ఆరుసార్లకు మించకుండా. ఇంట్లో తేనె లేకపోతే దాని కోసం ఆగొద్దు. ముక్కులో దూర్చుకున్నా ఇంతే అర్జెంటు, కాకపోతే అప్పుడు తేనె పనికిరాదు.

ఇక సీరియల్ సెట్టు. చిన్న బల్బులే కదా, షాకేం కొడుతుందిలే అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లలో ఒక్కో బల్బుకు దక్కేది కొద్ది వోల్టులే అయినా, తీగ తెగిన చోట వేలు పెడితే తగిలేది ఇంటి కరెంటు 230 వోల్టులూ. అటక మీద ఎలుకలు కొరికి ఉండొచ్చు. ప్లగ్గు పెట్టకముందే తీగంతా చూసుకోండి. బల్బు పగిలినా, నల్ల టేపు ఊడినా ఆ సెట్టు పారేయడమే మంచిది, కొత్తది అంత ఖరీదేం కాదు. ప్లగ్గు లేకుండా వైర్లను అగ్గిపుల్లలతో సాకెట్లో దూర్చే అలవాటు మాత్రం ఈ పండక్కి మానుకుందాం. ఇనుప గేటుకూ, గ్రిల్లుకూ, బట్టలారేసే దండెం తీగకూ లైట్లు చుట్టొద్దు. మీటరు దగ్గర 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) ఉంటే దాని టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి, పడిపోతుందో లేదో చూడండి.

స్టార్ కొనడం కంటే ఇంట్లో కట్టడమే పిల్లలకు పండగ. వెదురు బద్దలు చీల్చడం, బైండింగ్ వైరుతో బిగించడం మీ పని. రంగు కాగితం చింపడం, జిగురు పూయడం, అంటించడం వాళ్ళ పని. వాళ్ళ చేతికి ఇచ్చేముందు బద్దల పేళ్ళు గరుకు కాగితంతో రుద్ది, వైరు కొసలు లోపలికి వంచేయండి. మైదా జిగురు ఇంట్లోనే కాయండి, కానీ పురుగు పట్టకుండా పాతకాలంలో కలిపే మైలుతుత్తం వేయొద్దు, అది విషం. ఈ వయసు పిల్లలు జిగురు రుచి చూడకుండా ఉండరు! ఫెవిక్విక్, గ్లూ గన్ వాళ్ళకు అందని చోట ఉంచండి. లోపల పెట్టేది చిన్న ఎల్‌ఈడీ బల్బే, అదీ కాగితానికి తగలకుండా. పాత 60 వాట్ల బల్బు వేడికి కాగితం అంటుకోగలదు.

కోస్తా వాళ్ళకు ఇంకొకటి. డిసెంబరు తుఫాన్ల నెల కూడా. 2023లో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 5వ తేదీన, అప్పటికే చాలా ఇళ్ళ మీద స్టార్లున్నాయి. వాన సూచన ఉంటే మెయిన్ ఆపి స్టార్ దించేయండి, తడిసిన హోల్డరును ఆరకుండా మళ్ళీ వాడొద్దు.

ఇంట్లో యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ పెడితే, అందులో ఎండుగడ్డి, మంచులా పరిచే దూది రెండూ ఇట్టే అంటుకునేవే. అక్కడ కొవ్వొత్తి వద్దు, పడుకునేముందు లైట్లూ ఆపేయాలి. నోట్లో పట్టేంత చిన్న గొర్రెపిల్ల బొమ్మలు, పూసలు ఈ ఏడాదికి పక్కన పెట్టి, అట్టతో పెద్దవి చేయించండి.

చర్చిలో కొవ్వొత్తుల ఆరాధనకు నెట్ ఫ్రాకులు, సిల్కు లంగాలు వేసే ఇళ్ళే ఎక్కువ. పిల్లకు కొవ్వొత్తి ఇవ్వకండి. ముందు వరసలో ఎవరి చేతిలో వెలుగుతోందో, ఎవరి జడ ఎటు వేలాడుతోందో కూడా చూసుకోండి. ఎక్కడైనా కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచండి. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు, ఐసు ఏవీ పెట్టొద్దు. ముఖం మీదో, చేతుల మీదో కాలినా, బొబ్బ పెద్దదైనా 108కి ఫోన్ చేయండి.