చలికాలంలో హిమాలయ ట్రెక్: కొండ మీద బయటపడే తేడాలు, బెంగళూరులోనే చేసుకోవాల్సిన మరమ్మతులు

డిసెంబరు సెలవులు దగ్గరపడేసరికి బెంగళూరు ఆఫీసుల్లోని తెలుగు గ్రూపుల్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠ, బ్రహ్మతాల్, కువారీ పాస్ ట్రెక్‌ల పేర్లు తిరగడం మొదలవుతుంది. ఇక్కడ గట్టి చలి అంటే జనవరి తెల్లవారుజామున 14, 15 డిగ్రీలు. అక్కడ క్యాంపులో రాత్రిపూట మైనస్ 5 మామూలు, మైనస్ 10 దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. సామాను పరీక్షించడానికి ఇక్కడ మంచు లేదు గానీ, ఇంటి ఫ్రిజ్‌లో దాదాపు మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరు ఉంది, అపార్ట్‌మెంట్‌లో మెట్లున్నాయి. రెండు నెలల ముందు మొదలుపెడితే ఈ రెండూ చాలు. కొండ మీద ఇబ్బంది పెట్టేవాటిలో చాలా మటుకు మారతహళ్లి ఫ్లాట్‌లో బ్యాగు సర్దేటప్పుడే మొదలవుతాయి.

నడుస్తుంటే ఉడుకు, ఆగితే వణుకు

చలి ఎక్కువై వణుకుతున్నాం అనుకుంటారు. అసలు దోషి చెమట. పైన ఖరీదైన జాకెట్ ఉంటుంది, లోపల రోజూ వేసుకునే కాటన్ బనీను ఉంటుంది. ఎక్కుతున్నప్పుడు చెమటంతా బనీను తాగేస్తుంది. ఆగిన ఐదు నిమిషాలకి ఆ తడి ఒంట్లో వేడిని లాగేయడం మొదలుపెడుతుంది. అప్పుడు మీద ఇంకో స్వెట్టరు వేసినా లాభం లేదు.

నమ్మకం కుదరకపోతే ఒక కాటన్ బనీను, ఒక పాలిస్టర్ టీషర్టు తడిపి, పిండి, బాల్కనీలో పక్కపక్కన ఆరేయండి. టీషర్టు పొడిపొడిగా అయ్యాక కూడా బనీను తడిగానే ఉంటుంది. లోదుస్తులతో సహా కాటన్ మొత్తం ఇంట్లో వదిలేయాల్సిందే. జీన్స్ సంగతి చెప్పనక్కర్లేదు.

నాలుగైదు రోజుల ట్రెక్‌కి ఒంటి మీదకి కావలసినవి: నడకకి పాలిస్టర్ టీషర్టులు రెండు, థర్మల్స్ (ఒంటికి అంటుకుని ఉండే వెచ్చని లోపలి దుస్తులు) రెండు జతలు, ఫ్లీస్ (మెత్తటి ఉన్నిలాంటి సింథటిక్ స్వెట్టరు) ఒకటి, డౌన్ (పక్షి ఈకలు) లేదా సింథటిక్ నింపిన జాకెట్ ఒకటి, గాలికీ మంచుకీ ఆగే పై జాకెట్, ప్యాంటు. థర్మల్స్‌లో ఒక జత పడుకోవడానికి మాత్రమే. దానితో నడవకూడదు, ఎంత బద్ధకం వేసినా సరే. పొద్దున బయల్దేరేటప్పుడు కాస్త చలిగా ఉండాలి. హాయిగా ఉందంటే ఒక పొర ఎక్కువైందని లెక్క, పది నిమిషాల్లో చెమట పడుతుంది. ఏటవాలు మొదలవకముందే ఫ్లీస్ తీసేయాలి. ఆగిన వెంటనే, చలి తెలియకముందే, డౌన్ జాకెట్ తొడగాలి. అందుకని అది బ్యాగులో అన్నిటికంటే పైన ఉండాలి.

స్లీపింగ్ బ్యాగ్ మీద మైనస్ 10 అని ఉన్నా రాత్రంతా నిద్రలేదు

దీనికి కారణాలు మూడు నాలుగు ఉంటాయి, సాధారణంగా అన్నీ కలిసే వస్తాయి.

మొదటిది ఆ అంకె. బ్యాగు లేబుల్ మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు ఉష్ణోగ్రతలుంటాయి. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలిచే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. మీరు చూడాల్సింది కంఫర్ట్ ఒక్కటే. రాత్రికి మైనస్ 8 అనుకుంటే కంఫర్ట్ మైనస్ 10 ఉన్న బ్యాగు తీసుకోండి. ఒకే అంకె ఉండి, అదేమిటో రాయకపోతే దాన్ని కంఫర్ట్ అనుకోవద్దు.

రెండోది కింద పరుపు. చలి పైనుంచి వస్తోందనుకుంటారు గానీ ఎక్కువ వేడిని లాగేది నేల. ఒంటి బరువుకి బ్యాగు అడుగున ఉన్న దూది, ఈకలు నలిగిపోతాయి. గాలి నిలవని చోట వెచ్చదనం ఉండదు. మ్యాట్‌ వేడి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-వేల్యూ అని ఒక కొలత ఉంటుంది. మంచు మీద పడుకోవాలంటే మొత్తం 4.5 నుంచి 5 దాకా ఉండాలి. మామూలు ఫోమ్ మ్యాట్‌ది సుమారు 2. ఒకదాని మీద ఒకటి వేస్తే ఈ విలువలు కూడతాయి కాబట్టి, ఫోమ్ మ్యాట్ కింద, గాలి నింపే మ్యాట్ పైన వేస్తే సరిపోతుంది. యోగా మ్యాట్‌తో సరిపెట్టుకుందామనుకుంటే దెబ్బతింటారు.

మూడోది అద్దె బ్యాగు. తీసుకునేటప్పుడే సంచిలోంచి తీసి, దులిపి, అరగంట వదిలేయండి. ఉబ్బి లేవాలి. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే గడుల్లో ఈకలు ఒక మూలకి గుంపుగా చేరి, మిగతాచోట గుడ్డ మాత్రమే కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. సొంత బ్యాగు ఉన్నవాళ్లు దాన్ని ఏడాదంతా చిన్న సంచిలో కుక్కి అటక మీద పెడితే అదే గతి పడుతుంది. పెద్ద దిండు గలేబులో వదులుగా పెట్టుకోవాలి.

చివరిది అలవాటు. చలికి తట్టుకోలేక తల లోపలికి దూర్చి ఊపిరి వదిలితే ఆ తేమ బ్యాగులోనే చేరుతుంది, రెండోరాత్రికి వెచ్చదనం తగ్గుతుంది. ముక్కు, నోరు బయట ఉంచి, మంకీ క్యాప్ పెట్టుకోండి. టెంటు గాలి కిటికీ పూర్తిగా మూయవద్దు. పడుకునే ముందు ఏదైనా కొవ్వున్నది తినాలి. ఇంటి నుంచి తెచ్చిన సున్నుండలు ఇక్కడ నిజంగా పనికొస్తాయి. వేడినీళ్లు నింపిన లీటరు సీసా మూత రెండుసార్లు చూసుకుని, సాక్సులో దూర్చి, తొడల మధ్య పెట్టుకోండి. తెల్లారికి గడ్డకట్టని తాగునీళ్లు కూడా అవే.

రెండోరోజుకే బూటు అట్ట ఊడింది

బూట్లు దాదాపు కొత్తవి, మూడేళ్ల క్రితం కొని రెండుసార్లే వేసుకున్నవి. అందుకే ఊడాయి. చాలా ట్రెక్కింగ్ బూట్లలో కింది రబ్బరుకీ పై తోలుకీ మధ్య మెత్తటి పాలీయురెథేన్ పొర ఉంటుంది. గాలిలోని తేమ తగిలి ఏళ్ల తరబడి అది లోపల్లోపలే విరిగిపోతుంది. వాడకుండా అల్మారాలో మూసిపెడితే ఇంకా తొందరగా. చెన్నై నుంచి వచ్చే స్నేహితులకైతే ఈ ముప్పు మరీ ఎక్కువ.

మడమ పక్కన ఆ పొరని బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. నొక్కిన గాటు అలాగే ఉండిపోయినా, సన్నని పగుళ్లు కనిపించినా, పొడి రాలినా ఆ బూటు పని అయిపోయినట్టే. పైపైన ఫెవిక్విక్ పూస్తే నిలవదు, ఎందుకంటే అతుక్కోవాల్సిన పదార్థమే పిండి అయింది. పైకి బాగున్నా సరే, బయల్దేరడానికి నెలముందు ఆ బూట్లతో బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ ఒకసారి ఎక్కి దిగండి. దారిలో ఊడితే ఆపద్ధర్మంగా డక్ట్ టేపు, నాలుగు ప్లాస్టిక్ జిప్ టైలు ఉండాలి. టేపు చుట్టని పెద్దగా మోయక్కర్లేదు, ట్రెక్కింగ్ కర్రకి రెండు మీటర్లు చుట్టిపెట్టుకుంటే చాలు.

కాలివేళ్లు కొంకర్లు పోతున్నాయి

రెండు జతలు మందపు సాక్సులు వేసి, బూటులోకి కాలిని బలవంతంగా తోసి ఉంటారు. బిగుతుకి రక్తం ఆడదు, నలిగిన ఉన్నిలో గాలి ఉండదు. ఒక మందపు ఉన్ని జత, కావాలంటే లోపల పల్చటిది ఒకటి, అంతే. బూట్లు సాయంత్రం పూట, ఆ సాక్సులతోనే కొనాలి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. లేసులు కట్టకుండా, వేళ్లు ముందుకి ఆనించినప్పుడు మడమ వెనక ఒక వేలు దూరాలి. గోళ్లు బయల్దేరడానికి రెండు రోజుల ముందు కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు గోరు నల్లబడుతుంది.

వేలు తెల్లగా అయి, స్పర్శ పోతే తోటివాళ్ల చంకలోనో పొట్ట మీదో పెట్టి వెచ్చబెట్టాలి. మంచుతో రుద్దడం, మంట దగ్గర పెట్టడం రెండూ హాని చేస్తాయి.

ఫోను 40 శాతం దగ్గర ఆగిపోయింది, లైటర్ వెలగడం లేదు, పప్పు ఉడకడం లేదు

చలికి బ్యాటరీ లోపల నిరోధం పెరిగి వోల్టేజీ పడిపోతుంది. చార్జి ఎక్కడికీ పోలేదు, ఒంటికి ఆనించి వెచ్చబెడితే తిరిగొస్తుంది. ఫోను, పవర్ బ్యాంకు లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో. సున్నా కంటే చల్లగా ఉన్న ఫోనుకి చార్జి పెట్టొద్దు, బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. విమానంలో పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి. తలకి కట్టుకునే టార్చికి ఆల్కలైన్ సెల్స్ బదులు లిథియం సెల్స్ కొనండి.

ఫ్రీజరు పరీక్ష ఇక్కడే: టార్చి, లైటర్, చాక్లెట్లు, నీళ్ల ట్యూబు (బ్యాగులోని నీళ్ల సంచి నుంచి తాగే గొట్టం) జిప్ కవర్లో పెట్టి ఒక రాత్రంతా ఫ్రీజర్లో ఉంచండి. ఏది మొరాయిస్తుందో తెల్లారికి తెలుస్తుంది. కవరు బయటకి తీశాక వెంటనే తెరవొద్దు, లోపల నీరు పడుతుంది. ఫోను, పవర్ బ్యాంకు మాత్రం ఫ్రీజర్లో పెట్టకండి. నీళ్ల ట్యూబు అక్కడ మొదట గడ్డకట్టేది కాబట్టి వెడల్పు మూతి సీసాలే నయం. సీసాని తలకిందులుగా పెడితే గడ్డ అడుగున కడుతుంది, మూత తెరుచుకుంటుంది.

గ్యాసు డబ్బా విమానంలో ఏ బ్యాగులోనూ పట్టుకెళ్లనివ్వరు, అక్కడికి వెళ్లాకే కొనాలి. ఒట్టి బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినది అడగండి. 3,500 మీటర్ల ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కాబట్టి కుక్కరు లేకుండా కందిపప్పు మీద ఆశ పెట్టుకోవద్దు. అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, పల్లీ చిక్కీ మేలు. పులిహోర చలికి రాయిలా బిగుసుకుపోతుంది.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం

ఇది ఎత్తు వల్ల వచ్చే జబ్బు, తేలిగ్గా తీసుకోకూడనిది. బెంగళూరు 920 మీటర్ల ఎత్తులో ఉంది. నంది హిల్స్ 1,478 మీటర్లు. ఎన్నిసార్లు ఎక్కినా కాళ్లకి మంచిదే గానీ ఎత్తుకి అలవాటు మాత్రం రాదు. ఐదు కిలోమీటర్లు అరగంటలో పరిగెత్తేవాళ్లకీ ఇది వస్తుంది. వాళ్లు తొందరగా ఎక్కేస్తారు కాబట్టి ఇంకా ముందే రావచ్చు.

కారణం పడుకునే ఎత్తు వేగంగా పెరగడం. 3,000 మీటర్లు దాటాక రోజుకి 500 మీటర్లకి మించకుండా, మూడు నాలుగు రోజులకి ఒక విశ్రాంతి రోజుతో ఎక్కాలన్నది వైద్యులు చెప్పే లెక్క. కేదార్‌కాంఠ దారిలో జూడా కా తాలాబ్ సుమారు 2,750 మీటర్లు, బేస్ క్యాంపు 3,400 దగ్గర. ఒక్కరోజులో అంత పెంపు కాస్త ఎక్కువే. ప్లాను వేసేటప్పుడే నడక మొదలయ్యే ఊరు సాంక్రిలోనో తాలాబ్ దగ్గరో ఒక రాత్రి అదనంగా పెట్టండి. సోమవారం ఆఫీసు కోసం ఆ రోజు కోసేస్తారు, అదే మొదటి తప్పు.

తలనొప్పి వస్తే అరలీటరు నుంచి లీటరు నీళ్లు నెమ్మదిగా తాగి, విశ్రాంతి తీసుకోండి. రాత్రి బయటికి వెళ్లాల్సివస్తుందని చాలామంది నీళ్లు మానేస్తారు, కొన్ని తలనొప్పులు దానివల్లే. తగ్గకపోతే ఎత్తు వల్లే అనుకోవాలి; అది పూర్తిగా పోయేదాకా ఇంకా పైకి పోవద్దు. మద్యం, నిద్రమాత్రలు ముట్టవద్దు. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర బయల్దేరే ముందు ఇక్కడి డాక్టరుని అడిగే తీసుకోవాలి. నివారణకి సాధారణంగా 125 మిల్లీగ్రాములు, రెండుపూటలా, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి. వేళ్ల తిమ్మిరి, మూత్రం ఎక్కువ రావడం ఆ మాత్ర లక్షణాలే.

కూర్చున్నా ఆయాసం, దగ్గుతో నురగ వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడి, మడమకి బొటనవేలు ఆనించి తిన్నగా నడవలేకపోతే మెదడు వాస్తోందని. ఈ రెండింటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే, తోడు ఒక మనిషినిచ్చి కిందికి దించాలి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఆక్సీమీటరు అంకె బాగుందని ఆగిపోకండి, మనిషి ఎలా ఉన్నాడన్నదే ముఖ్యం.

దిగేటప్పుడు మోకాళ్లు పట్టేశాయి

ఎక్కడమే సాధన చేసి, దిగడం మరిచిపోవడం వల్ల. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టులో కిందికి రాకుండా, 8 కిలోల బ్యాగుతో మెట్లు నెమ్మదిగా దిగండి. బరువుకి లీటరు నీళ్ల సీసాలు వాడితే సులువు, లీటరంటే కిలో. వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు. బరువు భుజాల మీద కాకుండా నడుం పట్టీ మీద పడాలి. పట్టీ తుంటి ఎముకల మీద బిగించాక భుజం పట్టీల కింద ఒక వేలు దూరాలి.

కళ్లలో ఇసుక పోసినట్టు మంట

తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరగగొడుతుంది. మబ్బు పట్టినా అంతే. కేటగిరీ 3 లేదా 4 అని రాసున్న, పక్కలు మూసిన కళ్లజోడు కావాలి. చూపు అద్దాలున్నవాళ్లు వాటిపైన తొడిగేవి ఇక్కడే కొని, పెట్టుకుని చూసుకోండి. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయాలి, ఎండ అక్కడ కిందనుంచి తగులుతుంది.