మ్యాక్సెంట్‌తో ఎర్రచందనం మ్యాపు ఎలా గీయాలి?

ఒక చెట్టు కనబడిన చోట్ల జాబితా మన దగ్గర ఉంటుంది. వెతికినా కనబడని చోట్లు మాత్రం ఎవరూ రాసిపెట్టరు. అలాంటి సగం సమాచారంతో ఆ చెట్టు ఇంకెక్కడ పెరగగలదో అంచనా కట్టేదే మ్యాక్సెంట్. దీని వెనకున్న సూత్రాన్ని భౌతిక శాస్త్రవేత్త ఈ.టి. జేన్స్ 1957లో చెప్పాడు. చెట్టున్న చోట్ల వాన, ఎండ సగటున ఎంతో మనకు తెలుసు. ఆ సగటులకు సరిపోయే అంచనాలు ఎన్నో ఉండొచ్చు. వాటిలో అన్నిటికన్నా సమంగా పరుచుకున్నదాన్నే, అంటే ఎంట్రోపీ ఎక్కువున్నదాన్నే ఎంచుకోవాలి. దేనిమీద సమంగా అన్నది అసలు ప్రశ్న. చాలామంది బోల్తా పడేది అక్కడే.

సాఫ్ట్‌వేర్ ఉచితం, జావా ఉంటే నడుస్తుంది. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లు అందులోని మ్యాక్స్‌నెట్ ప్యాకేజీ వాడొచ్చు.

చెట్టు కనబడిన చోట్ల రికార్డులు జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ జీవజాతుల డేటాబేస్‌లో దొరుకుతాయి. ఫైల్లో పేరు, రేఖాంశం, అక్షాంశం ఈ వరసలోనే ఉండాలి. చివరి రెండూ తారుమారైతే తిరుమల చెట్టు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దగ్గర తేలుతుంది. పార్కుల్లో, తోటల్లో నాటిన చెట్లు తీసేయండి. ముప్పులో ఉన్న జాతుల చోటును, జనం తాము చూసిన మొక్కల్ని, జంతువుల్ని నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటు కావాలనే 0.2 డిగ్రీల గడిలో, అంటే దాదాపు 20 కిలోమీటర్ల పరిధిలో, అటూ ఇటూ జరిపి చూపిస్తుంది. అందుకని కచ్చితత్వం కాలమ్ చూసి అలాంటివి ఏరేయండి. మ్యాపును చిన్న చిన్న చదరపు గడులుగా విడదీస్తాం కదా, ఒక గడికి ఒక్క రికార్డే ఉంచండి.

వాతావరణం లేయర్లు, అంటే ప్రతి గడికీ వాన, ఎండ లెక్కలు చూపే మ్యాపులు, వరల్డ్‌క్లిమ్ అనే ఉచిత డేటాసెట్‌లో 19 ఉంటాయి. అన్నీ కుక్కేయొద్దు, నాలుగైదు చాలు. 8, 9, 18, 19 నంబర్లు అసలే వద్దు. ఎనిమిదోది, అత్యధికంగా వాన పడే మూడు నెలల సగటు ఉష్ణోగ్రత. నెల్లూరు వైపు ఆ మూడు నెలలు ఈశాన్య రుతుపవనాలవి, పడమటికి పోతే నైరుతివి. మధ్యలో ఎక్కడో మ్యాపు మీద కత్తితో కోసినట్టు గీత పడుతుంది. నేలమీద అలాంటి గీతేమీ ఉండదు. ఎర్రచందనం రాతి గుట్టల చెట్టు కాబట్టి నేల లేయరు ఒకటి తప్పకుండా పెట్టండి.

ఇక బ్యాక్‌గ్రౌండ్, అంటే ‘దేనిమీద సమంగా’ అన్న ప్రశ్నకు జవాబు. మ్యాక్సెంట్ చెట్టున్న చోట్లను మీరిచ్చిన ప్రాంతంలోని మామూలు చోట్లతో పోల్చి చూస్తుంది. మామూలుగా 10,000 పాయింట్లు తనే తీసుకుంటుంది. భారతదేశం మొత్తం ఇచ్చారనుకోండి, రాజస్థాన్ ఎడారిలో ఎర్రచందనం లేదని గొప్పగా కనిపెడుతుంది. చెట్టున్న చోట్లను మోడల్ ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే మార్కు ఏయూసీ (అత్యధికం 1) 0.98 వస్తుంది, మనం మురిసిపోతాం. ఆ సంగతి చెప్పడానికి కంప్యూటర్ దేనికి? శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, లంకమల, దక్షిణ నల్లమల, వాటి చుట్టుపక్కల మైదానం: ఆ చెట్టు గింజ చేరగలిగిన ప్రాంతం ఇదే. ఇంతకు మించి ఇవ్వొద్దు. ఏయూసీ తగ్గుతుంది, తగ్గనివ్వండి.

అంతటితో అయిపోలేదు. రికార్డులన్నీ జనం తిరిగిన చోటే ఉంటాయి: ఘాట్ రోడ్డు పక్కన, ట్రెక్కింగ్ దారుల్లో. ప్రాంతమంతా సమంగా పాయింట్లు చల్లితే, చెట్టుకు నచ్చిన వాతావరణానికి బదులు మనుషులకు అందుబాటులో ఉన్న వాతావరణాన్ని మోడల్ నేర్చుకుంటుంది. దీనికి మందు ఒకటే. అదే ప్రాంతంలో నమోదైన మిగతా చెట్లన్నిటి రికార్డులు తెచ్చి, వాటినే బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టండి. రెండు వైపులా అదే పక్షపాతం ఉంటే చాలావరకు కొట్టుకుపోతుంది. అనుమానముంటే ఆ మిగతా చెట్ల రికార్డులనే ఒకే జాతి అనుకుని, సమంగా చల్లిన పాయింట్లతో ఇంకో మోడల్ నడపండి. ఆ మ్యాపూ మీ ఎర్రచందనం మ్యాపూ కవలల్లా ఉంటే మీరు గీసింది రోడ్ల మ్యాపే.

ర్యాండమ్ ఫారెస్ట్ అనే ఇంకో మెషీన్ లెర్నింగ్ పద్ధతి వాడితే ఈ తలనొప్పి ఉండదంటారు కొందరు. ఉంటుంది, కాకపోతే కనబడదు. పైగా రికార్డులు తక్కువున్నప్పుడు మ్యాక్సెంటే నయం.

మిగిలినదంతా తేలిక. వాన, ఎండ మారేకొద్దీ అనుకూలత మారే గీతకు ఏ ఆకారాలు ఉండొచ్చో చెప్పేవి ఫీచర్లు; వాటిలో లీనియర్, క్వాడ్రాటిక్, హింజ్ చాలు. మోడల్ మరీ మెలికలు తిరగకుండా పట్టి ఉంచే రెగ్యులరైజేషన్ మామూలుగా 1 ఉంటుంది, 2 చేయండి. రెండంటే రెండే. లేకపోతే ఆ గీతలు రంపపు పళ్లలా వస్తాయి. పరీక్షకు రికార్డులను చిందరవందరగా విడదీయొద్దు. శేషాచలంతో నేర్పించి లంకమలలో పరీక్షించండి.

ఫలితం 0 నుంచి 1 మధ్య వస్తుంది. 0.8 అంటే అక్కడ చెట్టు ఉండే అవకాశం 80 శాతం అని రాయకండి. అక్కడి పరిస్థితులు చెట్టుకు బాగా అనుకూలమని మాత్రమే. ఇక కిలోమీటరు గడుల మ్యాపును ఇంటర్నెట్‌లో పెట్టొద్దు. ఎర్రచందనం స్మగ్లర్లకు దారి చూపించినట్టవుతుంది. అది అటవీ శాఖకు ఇచ్చి, బయటికి 10 కిలోమీటర్ల గడులది వదలండి.