చర్చి గోడలో రావి మొక్క కనిపించిందా?

తొలకరి పడకముందే ఒకసారి మీ చర్చి డాబా ఎక్కి చూడండి. వాన నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు, పావురాల ఈకలు పేరుకుని ఉంటే నీళ్లు నిలిచి స్లాబులోకి దిగుతాయి. ఆ చెమ్మలోనే పిట్టలు వేసిన గింజల నుంచి రావి, మర్రి మొక్కలు లేస్తాయి. రెండాకుల మొక్కైతే వేరుతో సహా వచ్చేస్తుంది. వేళ్లు గోడలోకి పోయాక మాత్రం గుంజకండి, ఇటుకలు కూడా ఊడి వస్తాయి. మొదలంటా కోసేసి, చిగురు వేసినప్పుడల్లా మళ్లీ కోస్తూ, వేరు చచ్చాక ఆ సందు పూడ్చాలి.

మిషనరీల కాలం నాటి సున్నపు గోడలైతే సిమెంటు పూత వద్దు. సున్నం లోపలి చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. కొన్నాళ్లకు పెచ్చులు లేస్తాయి. మేస్త్రీ "సిమెంటే గట్టిదండీ" అంటాడు, ఒప్పుకోకండి.

ఇంకోటి, ఆదివారం తప్ప తాళం తీయని చర్చి త్వరగా పాడవుతుంది. సాయంత్రం పిల్లల ట్యూషన్‌కో, అప్పుడప్పుడు బీపీ, షుగర్ పరీక్షలకో హాలు ఇవ్వండి. ఏ మతం వాళ్లనైనా రానివ్వండి. రోజూ కిటికీలు తెరిస్తే గాలి ఆడుతుంది, కారే చోటు మొదటి వానకే ఎవరో ఒకరి కంట పడుతుంది. తాళం చెవి పాస్టర్ గారి దగ్గర ఒకటి, పక్కింట్లో ఒకటి ఉంచండి.